మరకలూ ముద్రలూ

పోయిన ఏడాది ఎండాకాలంలో అమ్మ మా ఇంటికి వచ్చింది. కొలంబస్ రావడం ఆమెకది మూడోసారి. మొదటి రెండుసార్లూ మనవళ్ళు పుట్టినప్పుడు వచ్చింది కాబట్టి ఇల్లు, హాస్పిటలు తప్ప మరేమీ చూడలేదు. ఈసారి తీరిగ్గా ఉంది. వచ్చిన వారం రోజులకు, పొద్దున్నే చాయ్ తాగుతూ అడిగింది.

"నువ్వు అమెరికా వచ్చేటప్పుడు మూడు రూపాయలిచ్చిన గదరా, ఉన్నయా అవి?"

ఉన్నాయన్నాను. అన్నానే గానీ గుండె గుభేలుమంది.

ఆ మూడూ చార్మినార్ రూపాయలు. హాలీ సిక్కా అనేవారు వాటిని, నిజాం రాజ్యంలో చెలామణీ అయిన వెండి రూపాయలు. ఒకవైపు చార్మినార్, దాని ద్వారం నడుమ 'ఐన్' అనే ఒక్క ఉర్దూ అక్షరం ఉంటాయి. ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరమది. 2003లో ఎమ్మెస్ చెయ్యడానికి బయలుదేరిన రోజున, అమ్మ వాటిని చేతిరుమాల్లో మూటగట్టి నా బ్యాగులో పెట్టింది. "మీ అమ్మమ్మయి. ఖర్చుకు కాదు, ఉంచుకునేటందుకు" అంది.

ఉంచుకున్నాను. ఎలా ఉంచుకున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదటి రూపాయి సంగతి ముందు చెప్పేస్తాను. 2005లో, నేనింకా స్టూడెంటుగా ఉన్నప్పుడు, ఊళ్ళో ఒక హోటల్లో నాణేల ప్రదర్శన జరుగుతోందని తెలిసింది. మా తాతలనాటి వెండి రూపాయి విలువెంతో కనుక్కుందామని సరదా పుట్టింది. తీసి చూస్తే నల్లగా ఉంది. నలుగురిలోకీ తీసుకెళ్ళేదాన్ని ఇలా ఎలా చూపిస్తామని టూత్‌పేస్టు వేసి, పాత బ్రష్షుతో పావుగంట తోమాను. తళతళలాడింది. అక్కడొక పెద్దాయన దాన్ని అంచులు పట్టుకుని, భూతద్దం కింద పెట్టి, దీపం వెలుగులో అటూ ఇటూ వంచి చూశాడు. అర నిమిషం కూడా పట్టలేదు. "క్లీన్డ్" అన్నాడు. అన్న తీరు చూస్తే, డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పినట్టుంది. నాణెం తిరిగి నా చేతిలో పెట్టి పక్కవాళ్ళ వైపు తిరిగాడు.

మిగిలిన రెండింటినీ ఆ తరువాత ముట్టుకోలేదు. మెత్తటి ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్ ఒకటి కొని, అందులో పెట్టి, అల్మారా పైఅరలో పెట్టేశాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మూడు ఇళ్ళు మారాం. ఆల్బమ్ మాతోపాటే ఇల్లు మారుతూ వచ్చింది. అమ్మ అడిగిన ఆ రోజు పొద్దున దాన్ని దించి తెరిచాను. రెండు రూపాయల మీదా ఆకుపచ్చటి జిగురు పట్టి ఉంది.

"పాచి పట్టిందేందిరా?" అని అమ్మ లేచింది. "చింతపండు ఉందా ఇంట్ల?"

"అమ్మా, వద్దు!" అని అరిచాను. పిల్లలు మెట్ల మీదినుంచి తొంగి చూశారు.

అమ్మను తప్పు పట్టలేను. చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోమడం, విభూతి పెట్టి వెండి కుందులు తుడవడం మన ఇళ్ళల్లో శుభ్రతకి, భక్తికి కూడా గుర్తు. మెరవని కుంది దేవుడి ముందు పెట్టడం తప్పు. అలా పెరిగినవాడినే కాబట్టి నేనూ టూత్‌పేస్టు పట్టుకున్నాను. కానీ బిందె రోజూ వాడుకునే వస్తువు, నాణెం అలాంటిది కాదు. అది ఒక రోజున, ఒక టంకశాలలో, ఒక దెబ్బతో పుట్టిన కాగితం లేని దస్తావేజు. దస్తావేజుకి మరక పడితే చింతపండుతో తోముతామా?

అయితే మరకలన్నీ ఒక రకం కావు. ఇరవై ఏళ్ళ క్రితం ఆ పెద్దాయన అన్న ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు చాలా చదువే అయింది. తేలిందేమిటంటే, నాణెం మీద మరక మూడు రకాలు. పైన అంటుకున్నది ఒకటి. లోహమే మారిపోయి ఏర్పడ్డది రెండోది. మనుషులు కావాలని వేసినది మూడోది. మొదటిది తీయవచ్చు. రెండోది తీయబోతే నాణెం కొంత పోతుంది. మూడోది తీస్తే చరిత్ర పోతుంది.

మొదటి రకానికి మేముండే ఊళ్ళోనే ఒక పెద్ద కథ ఉంది. 1857 సెప్టెంబరు 12న, పనామా నుంచి హవానా మీదుగా న్యూయార్క్ వెళ్తున్న 'ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా' అనే ఓడ కరొలినా తీరానికి దూరంగా తుపానులో మునిగిపోయింది. దానిలో కాలిఫోర్నియా గనుల బంగారం ఉంది, అక్కడ కూడబెట్టుకుని ఇంటికి తిరిగి వెళ్తున్న మనుషులున్నారు. 425 మంది చనిపోయారు. ఆ బంగారం న్యూయార్క్ చేరకపోవడం ఆ ఏడాది అమెరికాలో వచ్చిన ఆర్థిక సంక్షోభాన్ని ఇంకాస్త పెంచింది. 131 ఏళ్ళ తరువాత, 1988లో, టామీ థాంప్సన్ అనే కొలంబస్ ఇంజనీరు, అతని బృందం ఆ ఓడని సముద్రంలో దాదాపు 7,200 అడుగుల లోతున కనిపెట్టారు. తరువాత ఈ బంగారం కోర్టుల చుట్టూ ఎన్నో ఏళ్ళు తిరిగింది, అది వేరే కథ.

మనకు కావలసింది ఆ నాణేలు. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో 1857లో అచ్చయిన ఇరవై డాలర్ల బంగారు నాణేలే ఐదు వేలకు పైగా దొరికాయి. చాలావాటికి తుప్పు, ఖనిజాల పెచ్చు గట్టిగా పట్టి ఉంది. తుప్పు బంగారానిది కాదు, ఓడ ఇనుముది. బంగారం సముద్రపు ఉప్పుకి లొంగదు. అంటే పెచ్చు కింద నాణెం పుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఆ బృందంలోని శాస్త్రవేత్త బాబ్ ఎవాన్స్ వాటిని రుద్దలేదు, గీకలేదు. ఇనుప తుప్పుని కరిగించి, బంగారం జోలికి పోని ద్రావణంలో ఓపిగ్గా నానబెట్టాడు. పెచ్చు ఊడిపోయాక నాణేలు నిన్న అచ్చయినట్టు బయటపడ్డాయి.

మరక తీయడంలో సూత్రమంతా ఇంతే. మరకని కరిగించేది లోహాన్ని కరిగించకూడదు. చేయి అసలు తగలకూడదు. ఎందుకో చెప్పాలంటే నాణెం మెరుపు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి.

నాణేనికి మెరుపు నునుపువల్ల వస్తుందని నేనూ అనుకునేవాణ్ణి. కాదు. టంకశాలలో అచ్చు టన్నుల బరువుతో దిగినప్పుడు, ఆ ఒత్తిడికి లోహం నీళ్ళలా నడుమనుంచి అంచులకి పారుతుంది. పారిన దారులు కంటికి కనపడనంత సన్నటి గీతలుగా మిగిలిపోతాయి. దీపం కింద నాణేన్ని తిప్పితే బండిచక్రం ఆకుల్లాగా వెలుగు గిర్రున తిరుగుతుంది చూడండి, అది ఆ గీతల పుణ్యం. టూత్‌పేస్టులో సున్నపురాయి పొడివంటి గరుకు పదార్థం ఉంటుంది. నా బ్రష్షు ఆ గీతల్ని చెరిపేసి, వాటి స్థానంలో అడ్డదిడ్డంగా తన గీతలు గీసింది. ఇప్పుడా రూపాయి మెరుస్తుంది కానీ దాని వెలుగు తిరగదు. పెద్దాయన అటూ ఇటూ వంచి చూసింది దానికోసమే.

ఇక రెండో రకం. వెండి నల్లబడడం మురికి పట్టడం కాదు. గాలిలోని గంధకంతో కలిసి పైపొరలోని వెండే సిల్వర్ సల్ఫైడుగా మారడం. మా చార్మినార్ రూపాయి బరువు పదకొండు గ్రాములకి కొంచెం పైన, అందులో వెండి 81.8 శాతం, మిగిలినది ముఖ్యంగా రాగి. రాగి ఉంటే రంగు ఇంకా ముదురుతుంది. ఆ నలుపుని తీస్తున్నామంటే, ఒకప్పుడు నాణెంలో భాగమైన వెండిని తీసేస్తున్నామన్నమాట. బజారులో దొరికే థయోయూరియా ద్రావణంలో ముంచి తీస్తే క్షణాల్లో తెల్లబడుతుంది. సల్ఫైడు కరుగుతుంది, దానితోపాటు ఇందాక చెప్పిన గీతల శిఖరాలూ కొంచెం కొంచెం కరుగుతాయి. నాలుగుసార్లు ముంచితే నాణెం పాలిపోయిన ముఖంలా తయారవుతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళతో చేసే చిట్కా సల్ఫైడుని తిరిగి వెండిగా మారుస్తుంది నిజమే, కానీ ఆ వెండి వెనక్కి వెళ్ళి తన పాత గీతల్లో కూర్చోదు. చెంచాలకి పరవాలేదు, నాణేలకి పనికిరాదు.

ఈ పాఠం నేర్చుకోవడంలో పెద్దవాళ్ళకీ ఆలస్యమే అయింది. ఫిలడెల్ఫియా టంకశాల 1838లో తన సొంత నాణేల సంగ్రహాన్ని మొదలుపెట్టింది. ఏ ఏడాది నాణేల్లో మేలైనవి ఆ ఏడాదే, ఎవరి చేతులూ పడకముందే అక్కడికి చేరేవి. ప్రపంచంలో అంతకంటే భద్రమైన చోటు ఉంటుందా? 1903లో ఫారన్ జెర్బ్ అనే నాణేల నిపుణుడు అక్కడికి వెళ్ళి చూస్తే, వెండి నాణేల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. విచారిస్తే తెలిసిందేమిటంటే, గది మూసి ఉన్న సెలవు రోజుల్లో ఒక ఉద్యోగి, పాపం ఉత్సాహం కొద్దీ, బజారునుంచి లోహాలు తోమే పాలిష్ కొనుక్కొచ్చి వాటిని తోమేశాడట. ఎవరూ చెప్పకుండానే చేశాడు, మంచి మనసుతోనే చేశాడు. ఆ సంగ్రహం 1923లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. తోముడు గుర్తులు కూడా దానితోపాటే వెళ్ళాయి. ఈ సంగతి చదివిన రోజున నా టూత్‌పేస్టు పాపం కొంచెం తేలికయినట్టనిపించింది.

అయితే లోహం మారిన ప్రతిచోటా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. రాగి, కంచు నాణేలకి ఒక జబ్బు ఉంది. ఉప్పునేలలో పడి ఉంటే క్లోరైడు లోపలికి చేరుతుంది. గాలి తేమ తగలగానే అక్కడ ఆమ్లం పుట్టి లోహాన్ని తింటుంది, తిన్నకొద్దీ మళ్ళీ పుడుతుంది. పైకి లేతాకుపచ్చటి పొడిలా కనిపిస్తుంది. దీన్ని వదిలేస్తే నాణెం పిండి అయిపోతుంది. బెర్లిన్ మ్యూజియాలు ఇలాంటి రోగాలకోసమే 1888లో ఫ్రీడ్రిక్ రాట్‌గెన్ అనే రసాయన శాస్త్రవేత్తని పెట్టుకున్నాయి. మన దేశంలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1930లో, కంచు విగ్రహాలకి పట్టిన ఈ జబ్బు నయం చెయ్యడానికి రసాయనశాల తెరిచింది. ఎస్. పరమశివన్ అక్కడ విద్యుత్తు సాయంతో విగ్రహాలకి వైద్యం చేశాడు. అది వైద్యం. అలంకారం కాదు. నిలకడగా ఉన్న ముదురు పచ్చ పొరని వాళ్ళు అనవసరంగా ముట్టుకోరు, ఎందుకంటే చాలాసార్లు అక్షరాలు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి, కింద లోహంలో కాదు.

మా ఊరికి దగ్గర్లోనే ఉంది గోదావరి ఒడ్డున కోటిలింగాల. అక్కడ దొరికిన చిన్న చిన్న నాణేల మీద 'ఛిముక సాతవాహన' అన్న పేరుని పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. పురాణాల జాబితాల్లో, ఒక గుహ శిల్పం మీద మాత్రమే పేరుగా ఉన్న శాతవాహనుల మొదటి రాజు అలా గోదావరి గట్టున నాణెమై కనిపించాడు. వాటిని ముందుగా చూసిన చేతులు చింతపండు పెట్టి తోమి ఉంటే ఏం చదివేవారు?

ఇప్పుడు మూడో రకం. దీని దగ్గరే నేను ఎక్కువ తప్పు చెయ్యబోయాను.

పాత వెండి రూపాయలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, వాటి మీద చిన్న చిన్న గాట్లు, నక్షత్రాలు, పువ్వుల్లాంటి గుంటలు ఉంటాయి. అవి షరాబులు వేసినవి. రూపాయి చేతికొస్తే షరాబు దాన్ని మోగించి, తూచి, అనుమానముంటే గాటు పెట్టి లోపలి వెండి చూసి, తన ముద్ర కొట్టేవాడు. రూపాయి కొత్తగా అచ్చయినప్పుడు పూర్తి విలువ, ఏళ్ళు గడిచినకొద్దీ బట్టా, అంటే వట్టం కోత. నాణెం మీద పాదుషా పాలనలో ఎన్నో ఏడో రాసి ఉంటుంది కాబట్టి వయసు దాచుకునే వీలు లేదు. ఈ బట్టా గొడవ వదిలించుకోవడానికి ఈస్టిండియా కంపెనీ 1793లో బెంగాల్లో ఒక ఉపాయం చేసింది. ఏ ఏడు అచ్చువేసినా సరే, రూపాయి మీద షా ఆలం పాదుషా పాలనలో పంతొమ్మిదో ఏడు అనే వేసింది. నాణేనికి వయసు రాకుండా చేసిందన్నమాట! అచ్చువేసిన తేదీ అలా అబద్ధం చెప్తుంటే, ఆ రూపాయి ఎవరి చేతుల్లో తిరిగిందో నిజం చెప్పేది షరాబు గాటే.

ఇలాంటిదే అమెరికాలోనూ ఉంది. 1873 చట్టంతో చైనా వ్యాపారంకోసం అమెరికా ప్రత్యేకంగా 'ట్రేడ్ డాలర్' అచ్చువేసింది. చైనా వర్తకులు వాటిని పరీక్షించి తమ అక్షరాల ముద్రలు కొట్టేవారు. వాటిని చాప్ మార్కులంటారు. చాలాకాలం సేకర్తలు వాటిని దెబ్బతిన్న నాణేలుగా చూశారు. పూడ్చి నునుపు చేసి అమ్మినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు చాప్ మార్కులున్న డాలర్లనే వెతుక్కుని కొనేవాళ్ళున్నారు. గ్రేడింగ్ సంస్థలు ఆ మాట ప్రత్యేకంగా రాసి మరీ నంబరు ఇస్తున్నాయి. తోమిన నాణేనికి మాత్రం ఇప్పటికీ నంబరు ఇవ్వరు.

నంబరంటే గుర్తొచ్చింది. 1 నుంచి 70 దాకా ఉన్న ఆ కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో పాత అమెరికన్ సెంట్ల కోసం తయారుచేశాడు. 1986లో పి.సి.జి.ఎస్., ఆ మరుసటి ఏడు ఎన్.జి.సి. వచ్చాక అది నాణేలన్నిటికీ పాకింది. నా రూపాయిని పంపిస్తే నంబరు బదులు 'డీటెయిల్స్, క్లీన్డ్' అన్న రెండు మాటలు వస్తాయి.

మనుషులు వేసిన ముద్రల్లో నాకు తెలిసిన అన్నిటికంటే గొప్పది మన శాతవాహనులదే. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబి అనే ఊళ్ళో ఒక నిధి దొరికింది. 13,250 దాకా వెండి నాణేలు. అన్నీ పశ్చిమ క్షత్రపుడైన నహపానుడివి. ఒకవైపు అతని ముఖం, చుట్టూ గ్రీకు అక్షరాలు, రెండోవైపు బాణం, వజ్రాయుధం, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపుల్లో పేరు. అందులో 9,270 నాణేల మీద మరో ముద్ర పడి ఉంది. ఒకవైపు మూడు కమానుల చైత్యం, చుట్టూ గౌతమీపుత్ర శాతకర్ణి పేరు. రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. గెలిచిన రాజు ఓడిన రాజు డబ్బుని కరిగించలేదు. దాని మీదే తన పేరు కొట్టించి బజారులోకి వదిలాడు.

ఆ గౌతమీపుత్రుడి గురించి అతని తల్లి గౌతమీ బలశ్రీ నాసిక్ గుహలో శాసనం వేయించింది. మనవడు పులుమావి పాలన పంతొమ్మిదో ఏట వేయించిన శాసనమది. నహపానుడి క్షహరాత వంశాన్ని తన కొడుకు మిగలకుండా నిర్మూలించాడని అందులో ఉంది. శాసనం మాట అది. నాణెం తీసి చూడండి. చైత్యం గీతల మధ్యనుంచి నహపానుడి ముక్కు, నుదురు, ఒకటి రెండు గ్రీకు అక్షరాలు ఇంకా తొంగి చూస్తుంటాయి. ఎవరి తరువాత ఎవరన్న ప్రశ్నకి చరిత్రకారులకి అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? పై ముద్ర వల్ల కింది ముఖం చెడింది నిజమే. కానీ ఆ చెడగొట్టడమే చరిత్ర. ఎవరైనా శుభ్రమైన నహపానుడు కావాలనో, శుభ్రమైన శాతకర్ణి కావాలనో దాన్ని అరగదీస్తే మనకి ఇద్దరూ దక్కరు.

నా వృత్తిలో కూడా ఇలాంటి తోముడు ఉంది. పాత కంప్యూటర్లలోని సమాచారాన్ని కొత్తవాటిలోకి మార్చడం నా పని. మార్చేముందు శుభ్రం చేస్తాం. ఒకసారి ఒక క్లయింటు దగ్గర, ఖాతా నంబర్ల చివర అర్థంపర్థం లేకుండా ఉన్న రెండంకెల్ని చెత్త అనుకుని కత్తిరించే ప్రోగ్రాం రాశాను. రిటైరవబోతున్న ఒకావిడ చూసి, అది ఏ శాఖలో తెరిచిన ఖాతానో చెప్పే గుర్తు నాయనా అన్నట్టుగా నవ్వింది. అసలు ఫైలుని ముట్టుకోకుండా పక్కన ఉంచాం కాబట్టి సరిపోయింది. నాణేనికి అలా పక్కన పెట్టుకునే నకలు లేదు.

మళ్ళీ మా డైనింగ్ టేబుల్ దగ్గరికి వస్తాను.

ఆ ఆకుపచ్చ జిగురు మొదటి రకానిది. మెత్తటి ప్లాస్టిక్ జేబులు పి.వి.సి.తో చేస్తారు. అది మెత్తగా ఉండడానికి కలిపిన నూనెలు ఏళ్ళు గడిచినకొద్దీ బయటికి ఊరతాయి, ప్లాస్టిక్ విరిగి ఆమ్లం వదులుతుంది, అది నాణెంలోని రాగితో కలిసి పచ్చబడుతుంది. అంటే కాలం చేసింది కాదు, నేను చేసింది. దీనికి మందు అసిటోన్. గోళ్ళరంగు తుడిచే సీసా కాదు, అందులో రంగులూ సువాసనలూ కలుస్తాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్వచ్ఛమైనది. అసిటోన్ ఆ జిగురుని కరిగిస్తుంది, వెండి జోలికీ దాని నలుపు జోలికీ పోదు.

గరాజ్ తలుపు తెరిచి, నిప్పు దరిదాపుల్లో లేకుండా చూసుకుని, గాజు గిన్నెలో పోసి రూపాయలు రెండూ వేశాను. అమ్మ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. రుద్దకుండా ఊరికే చూస్తూ కూర్చోవడం ఆమెకి విచిత్రంగా ఉంది. "గిదేం తోముడురా, ముట్టుకోనే ముట్టుకోవు" అంది. గిన్నె మార్చి కొత్త అసిటోన్ పోశాను, ఇంకోసారి మార్చాను. తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తటి గుడ్డ మీద పెట్టి, తుడవకుండా అద్దాను. పచ్చదనం పోయింది. కింద ఆ పాత నలుపు, అంచుల దగ్గర కొంచెం నీలం, కొంచెం ఇటుకరంగు. ఆమ్లం తిన్నచోట ఒకటి రెండు సూదిమొన గుంటలు మిగిలాయి. అవి పోవు.

రెండో రూపాయి పూర్తిగా బాగుంది. మూడోదాని అంచున, చార్మినార్ మీదుగా, బూడిదరంగు గడ్డ ఒకటుంది. అది అంతకుముందే ఉందని నాకు తెలుసు. ఏదో మురికి గట్టిపడిందనుకునేవాణ్ణి. అసిటోన్‌కి కదల్లేదు. సన్నటి ఆకురాయితో మెల్లగా తీస్తే రూపాయి చక్కగా గుండ్రంగా అవుతుందని అమ్మతో అన్నాను.

అమ్మ రూపాయిని నా చేతిలోంచి తీసుకుంది.

"అది మురికి కాదురా. టంకం."

అమ్మమ్మకి ఇరవై ఒక్క చార్మినార్ రూపాయలతో రూపాయల పేరు ఉండేదట. ఒక్కో రూపాయికీ పైన చిన్న రింగు టంకం పెట్టి అతికించి, చార్మినార్ నిలువుగా వచ్చేట్టు కూర్చాడట అవుసలాయన. హాలీ సిక్కా కొత్తగా రావడం 1951లో ఆగింది. 1959 దాకా ఏడు హాలీ రూపాయలకి ఆరు ఇండియా రూపాయల లెక్కన చెల్లింది. తరువాత అవి డబ్బు కాదు, వట్టి వెండి. 1972లో కరువు వచ్చింది. అమ్మకి పదిహేడేళ్ళు, కరీంనగర్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పంట లేదు. ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ పేరులోంచి రెండో మూడో తీసి సేటు దగ్గరికి పోయేది.

"టంకం తూకంలకు రాదని సేటు ముందుగాల రింగు పీకేటోడు. తర్వాత తూసేటోడు. కడపటిసారి ఈ రూపాయి రింగు గూడ పీకిండు. గని అప్పటికే పైసలు సరిపోయినయి. ఇది వాపసు తెచ్చుకున్నది మా అమ్మ. ఇరవైయొక్కటిల ఇదొక్కటే మిగిలింది."

మిగిలిన రెండు రూపాయలూ పేరులోవి కావు, తాత పెట్టెలో దొరికినవట. అమ్మ చదువు పూర్తయి టీచరయింది. ఆమె జీతంతో నేను చదువుకున్నాను. ఇది నాకు మునుపెప్పుడూ చెప్పలేదేమని అడిగితే, "నువ్వు అడగలే గదా" అంది.

నేను ఆకురాయి పట్టుకుంటే పోయేది ఆ గడ్డ. నాణేల షాపుకి తీసుకెళ్తే ఇప్పటికీ దాన్ని లోపమనే అంటారు, 'నగకు వాడి తీసినది' అని రాస్తారు. వాళ్ళ లెక్కలో వాళ్ళది తప్పు కాదు. ఆ గడ్డ సేటు ముద్ర. అతను కొనని వెండి మీద వేసి వదిలేసిన ముద్ర.

మ్యూజియంలలో ఒక మంచి అలవాటుంది. వస్తువుకి ఏ వైద్యం చేసినా, ఎప్పుడు చేశారో, ఏం వాడారో రాసి దానితోపాటే ఉంచుతారు. తరువాత వచ్చేవాళ్ళు మోసపోకుండా. అమ్మ తిరిగి వెళ్ళేలోపు నేనూ ఆ పని చేశాను. పి.వి.సి. లేని గట్టి పారదర్శక కవర్లు తెప్పించి, మూడింటినీ విడివిడిగా పెట్టి, ఒక్కోదానికీ ఒక కాగితం రాశాను. అమ్మ చెప్తుంటే మా పెద్దవాడు పక్కన కూర్చుని విన్నాడు, సగం అర్థమయీ సగం కాకా.

రెండోదాని కాగితం మీద 'అసిటోన్‌తో కడిగినది' అని తేదీతో రాశాను. మూడోదాని కాగితం రెండువైపులా నిండింది. మొదటిదాని కాగితం మీద ఒకే వాక్యం ఉంది: '2005లో టూత్‌పేస్టుతో తోమినది, తోమింది నేనే.'